ఆకు మీది మైనం పొర: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఈ నెల చిత్తూరు, తిరుపతి ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆకు మీద పడిన మందు తర్వాత ఏమవుతుందన్న విషయం గురించే ఉన్నాయి. మొదటి ప్రశ్నకు కాస్త విపులంగా సమాధానం ఇస్తే మిగిలినవాటికి అదే పునాది అవుతుంది కనుక దానికి ఎక్కువ చోటు ఇచ్చాము.

ప్రశ్న: మాకు తోతాపురి తోట ఉంది. పక్కనే కొంత టమాటా వేశాము. రెండింటికీ ఒకే మందును ఒకే మోతాదులో పిచికారీ చేశాము. టమాటాలో త్వరగానే ఫలితం కనిపించింది, మామిడిలో తేనెమంచు పురుగు తగ్గలేదు. మామిడి ఆకు పైభాగంలో రంధ్రాలు ఉండవు కనుక పైన కొట్టిన మందు లోపలికి పోదని ఒకరు చెప్పారు. మోతాదు పెంచితే అదే పోతుందని మరొకరు అన్నారు. అసలు మందు ఆకులోకి ఏ దారిన వెళుతుంది?
– ఒక మామిడి రైతు, పూతలపట్టు

సమాధానం: మామిడి ఆకు పైభాగంలో పత్రరంధ్రాలు, అంటే గాలి ఆడే సూక్ష్మ రంధ్రాలు, దాదాపు ఉండవన్నది నిజమే. నిమ్మ, నారింజ చెట్ల ఆకుల్లోనూ అవి అడుగుభాగానికే పరిమితమై ఉంటాయి. అయితే దాని నుంచి మొదటి మిత్రుడు తీసిన నిర్ణయం మాత్రం సరికాదు. మందు లోపలికి పోవడానికి పత్రరంధ్రం అవసరం లేదు. జర్మనీలో యోర్గ్ షోన్‌హెర్, మార్కుస్ రీడరర్, లూకాస్ ష్రైబర్ తదితరులు దశాబ్దాల పాటు చేసిన ప్రయోగాల తీరే ఇందుకు సాక్ష్యం. వారు పుల్ల నారింజ, ఐవీ తీగ, పియర్ వంటి మొక్కల ఆకుల్లో పత్రరంధ్రాలు లేని పైభాగాన్నే ఏరి తీసుకుని, దాన్ని కణ కవచాలను కరిగించే పెక్టినేజ్, సెల్యులేజ్ ఎంజైముల ద్రావణంలో నానబెట్టి, కింది కణాల నుంచి విడివడిన పలుచని పైపొరను రెండు చిన్న గదుల మధ్య బిగించారు. ఒక గదిలో రేడియోధార్మిక కార్బన్‌తో గుర్తుపెట్టిన సమ్మేళనాన్ని పోసి, రెండో గదిలోకి ఎంత చేరుతున్నదో గంటగంటకూ కొలిచారు. ఒక్క పత్రరంధ్రం కూడా లేని ఆ పొర గుండా రకరకాల కర్బన సమ్మేళనాలు నిలకడగా దాటిపోయాయి.

ఆ పొరనే వృక్షశాస్త్రంలో అవభాసిని అంటాము. దాని మందం మొక్కను బట్టి ఒక మైక్రోమీటరులో పదో వంతు నుంచి పది మైక్రోమీటర్లు, కొన్నింట అంతకంటే ఎక్కువ కూడా ఉంటుంది. అందులో ఆధారంగా నిలిచేది క్యూటిన్ అనే పదార్థం. 16, 18 కార్బన్లున్న హైడ్రాక్సీ కొవ్వు ఆమ్లాలు ఒకదానితో ఒకటి ఎస్టరు బంధాలతో అల్లుకుని ఏర్పడిన వల అది. ఆ వల సందుల్లోనూ, పైముఖం మీదా మైనం నిండి ఉంటుంది. మైనమంటే ప్రధానంగా 20 నుంచి 40 దాకా కార్బన్లున్న పొడవాటి గొలుసుల ఆల్కేన్లు, ఆల్కహాళ్లు, ఆమ్లాలు, ఎస్టర్లు. కొన్ని మొక్కల్లో వీటితో పాటు ట్రైటెర్పీన్లు కూడా ఉంటాయి. కాపలా కాసేది నిజానికి క్యూటిన్ కాదు, ఈ మైనమే. విడదీసిన పొరను క్లోరోఫాంలో కడిగి మైనాన్ని తీసివేస్తే, పొర మందంలో చెప్పుకోదగిన తేడా రాకపోయినా, కర్బన సమ్మేళనాలు దాటే వేగం జాతిని బట్టి పదుల రెట్ల నుంచి వేల రెట్ల దాకా పెరుగుతుంది. దళసరి ఆకు కనుక మందు ఎక్కదని మన ప్రాంతంలో తరచు వినిపించే మాట ఇక్కడ తప్పని తేలుతుంది. పొర మందానికీ, అది ఎంత బిగువుగా అడ్డుకుంటుందన్న దానికీ జాతుల మధ్య పొంతన లేదని కొలతల్లో తేలింది. పలుచని పొర గట్టిగా అడ్డుకోవచ్చు, దళసరి పొర సులువుగా వదలవచ్చు. మైనం అణువులు ఎంత క్రమంగా, ఎంత దగ్గరగా పేర్చుకుని ఉన్నాయన్నదే అసలు లెక్క. అమరిక స్ఫటికంలా బిగిసిన చోట దారి ఉండదు, అమరిక చెదిరిన చోట మాత్రమే అణువులు కదులుతాయి.

అణువు ఈ పొరను దాటే తీరును మూడు అంచెలుగా చూడవచ్చు. మందు అణువు ముందు చుక్కలోని నీటిని వదిలి మైనంలో కరగాలి, తర్వాత మైనంలో అణువుల మధ్య సందులు వెతుక్కుంటూ విసరణ ద్వారా, అంటే ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి తనంతట తానే పాకుతూ, అవతలి ముఖానికి చేరాలి, చివరకు మైనాన్ని వదిలి కణ కవచంలోని నీటిలోకి దిగాలి. మొదటి, చివరి అంచెలు రెండూ ఆ అణువుకు నీటికంటే కొవ్వు ఎంత ఇష్టమో దాన్ని బట్టి జరుగుతాయి. ఆవకాయ జాడీలో పైకి తేలిన నూనె ఎర్రబడుతుంది కానీ అదే కారాన్ని నీళ్లలో కలిపి ఉంచితే పైన తేరిన నీరు అంత ఎర్రబడదు కదా, మిరపకాయలోని రంగు నూనెనే ఎంచుకున్నట్లుగా ప్రతి మందు అణువూ నీరు, మైనాల మధ్య తన వాటా ఎంపిక చేసుకుంటుంది. దీన్ని కొలవడానికి రసాయన శాస్త్రజ్ఞులు మైనం బదులు ఆక్టనాల్ అనే ద్రవాన్ని వాడతారు. నీరు, ఆక్టనాల్ రెండూ ఉన్న సీసాలో మందు వేసి కుదిపితే, ఆక్టనాల్‌లో ఎన్ని రెట్లు ఎక్కువ చేరిందో ఆ సంఖ్యే విభజన గుణకం. ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగు మందుకు అది నాలుగు దరిదాపుల్లో ఉంటుంది. హెక్సాకొనజోల్ అనే శిలీంధ్రనాశినికి వేలల్లో, లామ్డా సైహలోత్రిన్ అనే పురుగు మందుకు దాదాపు కోటి ఉంటుంది.

కొవ్వంటే ఇష్టం ఎంత ఎక్కువైతే అంత మంచిదని దీని నుంచి అనుకోవచ్చు. అది మొదటి అంచె వరకే నిజం. లామ్డా సైహలోత్రిన్ లాంటి అణువు మైనంలోకి ఇట్టే చేరుతుంది, కానీ అక్కడి నుంచి కింది నీటిలోకి దిగడానికి దానికి ఏ ప్రేరణా లేదు. అందుకే అది పొరలోనే నిల్వ ఉండిపోయి, ఆకు మీద నడిచే, కొరికే పురుగును తాకి చంపే స్పర్శ మందుగా పనిచేస్తుంది. నీటిలోనూ కొంత కరిగే, మైనంలోనూ కొంత కరిగే మధ్యస్థపు అణువులే లోపలికి దిగి, రసంతో పాటు ప్రయాణించే అంతర్వాహిక మందులుగా పనికివస్తాయి. మాంకోజెబ్ లాంటివి ఈ రెండు రకాలకూ చెందవు. అవి ఆకు మీదే ఉండి శిలీంధ్ర బీజాలు మొలకెత్తకుండా ఆపుతాయి.

రెండో అంచెలో అణువు పరిమాణానిది పెద్ద పాత్ర. మైనంలో విసరణ వేగం పరిమాణంతో పాటు నెమ్మదిగా కాక నిట్టనిలువుగా పడిపోతుంది. మోలుకు (అణువులను లెక్కగట్టే ప్రమాణం) 100 ఘన సెంటీమీటర్ల పరిమాణం ఉన్న అణువుతో పోలిస్తే 200 ఉన్న అణువు కదిలే వేగం సుమారు పదో వంతు. ఇక్కడ ఆసక్తికరమైన విషయం ఒకటుంది. జాతుల మధ్య మొత్తం వేగంలో ఎంతో తేడా ఉన్నా, పరిమాణాన్ని బట్టి వేగం తగ్గే ఈ నిష్పత్తి మాత్రం మొక్క మారినా పెద్దగా మారదు. అంటే మైనం నడిపే న్యాయం అంతటా ఒకటే, గడప ఎత్తే వేరు.

ఇక మోతాదు సంగతి. ప్రవాహాన్ని నడిపేది చుక్కలోని గాఢతకూ, ఆకు లోపలి గాఢతకూ ఉన్న తేడా కనుక, మోతాదు పెంచితే వేగం పెరగాలని లెక్క చెబుతుంది. కానీ ఆ లెక్క చుక్క తడిగా ఉన్నంత వరకే. ఎండలో చుక్క కొద్ది నిమిషాల్లో చిక్కబడి, మందు కరగగలిగిన పరిమితిని దాటి, పొడిగానో స్ఫటికాలుగానో మిగిలిపోతుంది. కరిగి ఉన్న అణువు మాత్రమే మైనంలోకి అడుగుపెట్టగలదు. రెట్టింపు మోతాదు వేసినా ఆ పరిమితి పెరగదు, ఆకు మీద మిగిలే పొడి మాత్రం రెట్టింపవుతుంది. దాన్ని తర్వాత వాన కడిగేస్తుంది, లేదా కాయతో పాటు సంతకు వెళుతుంది. సీసా మీద రాసిన మోతాదును మించడం వల్ల లోపలికి చేరే మందు కంటే బయట మిగిలే మందే పెరుగుతుందని నా అభిప్రాయం. చట్టరీత్యా కూడా అది తగని పని.

వేడికి రెండు ముఖాలున్నాయి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే మైనంలో కదలిక సుమారు మూడు నుంచి ఏడు రెట్లు పెరుగుతుంది, ఎందుకంటే మైనం అణువుల బిగువు సడలుతుంది. అదే వేడి చుక్కను ఆరబెడుతుంది కూడా. మన జిల్లాల్లో వేసవి మధ్యాహ్నం రెండో ప్రభావమే గెలుస్తుంది. ఎండ వాలిన తర్వాత, ఆకు ఇంకా వెచ్చగా ఉండి గాలిలో తేమ పెరగడం మొదలైన వేళ కొట్టిన మందుకు రెండు విధాలా మేలు.

మీ తోటలో జరిగినదానికి కారణం మొత్తం మైనమే అని మాత్రం అనలేము. ఏడాది పొడవునా ఆకులు నిలిచే చెట్ల అవభాసిని సాధారణంగా టమాటా వంటి ఏడాది మొక్కల దానికంటే గట్టిగా అడ్డుకుంటుంది, ముదిరిన మామిడి ఆకు కూడా ఆ కోవలోనిదే. రాగిరంగు చిగురు మీద పొర ఇంకా పూర్తిగా ఏర్పడదు కనుక అక్కడ మందు త్వరగా దిగుతుంది. టమాటా ఆకుకు పైనా కిందా రెండు వైపులా పత్రరంధ్రాలు ఉంటాయి. ఇవన్నీ ఒక ఎత్తయితే, తేనెమంచు పురుగు బెరడు పగుళ్లలోనూ, పూత కాడల్లోనూ దాగి ఉండడం, పెద్ద చెట్టు లోపలి కొమ్మలకు పిచికారీ అసలు చేరకపోవడం మరొక ఎత్తు. మందు ఆకును దాటలేదని నిర్ణయించే ముందు మందు ఆకును చేరిందా అన్నది చూడాలి. చెట్టు నడిమి కొమ్మల్లో నాలుగు చోట్ల తెల్ల కాగితం ముక్కలు కట్టి, రంగు కలిపిన నీళ్లు పిచికారీ చేసి చూస్తే విషయం తేలిపోతుంది.

ప్రశ్న: మందు ట్యాంకులో షాంపూ ప్యాకెట్లు, బట్టల సబ్బు పొడి కలపడం మా ఊళ్లో అలవాటు. అది ఆకు మైనాన్ని కరిగించి మందును లోపలికి పంపుతుందని అంటారు. నిజమేనా?
– ఒక యువ రైతు, పలమనేరు

సమాధానం: మైనాన్ని కరిగించదు. చుక్కను పరుస్తుంది. నీటి తలతన్యత, అంటే ఉపరితలాన్ని బిగబట్టి చుక్కను గుండ్రంగా ఉంచే బలం, మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. తామరాకు మీదా, చేమ ఆకు మీదా, మీ ప్రాంతంలో ఎక్కువగా పండే క్యాబేజీ ఆకు మీదా నీరు ముత్యంలా దొర్లిపోవడానికి ఈ అధిక తలతన్యతతో పాటు పైముఖాన మొలిచిన సూక్ష్మ మైనం స్ఫటికాలు కూడా కారణం. తామరాకు మీద ఈ స్ఫటికాల పాత్రను 1997లో జర్మన్ శాస్త్రవేత్తలు బార్త్‌లాట్, నైన్‌హుయిస్ వివరంగా చూపారు. సబ్బు జాతి పదార్థం కలిపితే తలతన్యత 30 దాకా పడిపోయి, చుక్క అతుక్కుని పరుచుకుంటుంది. తడిసిన వైశాల్యం పెరిగితే అణువులు దాటే చోటూ పెరుగుతుంది. క్యాబేజీకి ఇది తప్పనిసరి అవసరం, టమాటాకు అంత కాదు.

తలతన్యత ఎంత తగ్గినా మామూలు జిగురు మందుతో ద్రావణం పత్రరంధ్రంలోకి జొరబడదు. రంధ్రం ఆకారమే దాన్ని నిలువరిస్తుందని షోన్‌హెర్, బుకోవాక్ 1972లోనే చూపించారు. తలతన్యతను 20 నుంచి 22 దాకా దించగలిగే సిలికాన్ జాతి స్ప్రెడర్లు మాత్రమే ఆ పని చేస్తాయి. అందుకే వాటిని అతి కొద్దిగా వాడమంటారు. ఎక్కువైతే ద్రావణం నేల పాలవుతుంది, లేదా ఆకు మాడుతుంది.

అయితే మీ ఊరివారి మాటలో కొంత సత్యం మరో రూపంలో ఉంది. మందు కంపెనీలు ద్రవ రూపపు మందుల్లో ముందే కలిపే కొన్ని ఎథాక్సిలేటెడ్ ఆల్కహాళ్లు (సబ్బు జాతి పదార్థాలు) స్వయంగా మైనంలోకి వెళ్లి, ఆ అణువుల అమరికను తాత్కాలికంగా సడలిస్తాయి. అప్పుడు వాటి వెంట వచ్చే మందు వేగంగా కదులుతుంది. ఆ పని షాంపూ చేస్తుందని భరోసా లేదు. బట్టల పొడి విషయంలో నా సలహా స్పష్టంగా వద్దనే. దానిలోని క్షారం చాలా ఆర్గానోఫాస్ఫరస్ మందులను ట్యాంకులోనే విరగ్గొడుతుంది. మామూలు సబ్బయితే బోరు నీటిలోని కాల్షియంతో కలిసి తెట్టుగా తేలి నాజిల్‌ను మూసేస్తుంది.

ప్రశ్న: నేను డిగ్రీలో వృక్షశాస్త్రం చదువుతున్నాను. మైనంలో కరిగేవి మాత్రమే అవభాసినిని దాటగలిగితే, మామిడి పూతకు ముందు కొట్టే పొటాషియం నైట్రేటు, పైరు మీద కొట్టే యూరియా, కలుపు మందైన గ్లైఫోసేట్ ఎలా లోపలికి వెళుతున్నాయి?
– ఒక విద్యార్థిని, తిరుపతి

సమాధానం: మంచి ప్రశ్న. మైనం దారి కాక మరొక దారి కూడా ఉందని ఒప్పుకోక తప్పని స్థితి అక్కడే వచ్చింది. విద్యుదావేశం ఉన్న అయాను తన చుట్టూ నీటి అణువుల తొడుగును వేసుకుని ఉంటుంది. ఆ తొడుగుతో అది మైనంలో కరగలేదు. అయినా కాల్షియం, పొటాషియం అయాన్లు పత్రరంధ్రాలు లేని పొరను కూడా దాటుతున్నట్లు కొలతలు చూపాయి. అందుకు వివరణగా, అవభాసినిలోని ధ్రువ సమూహాలు (నీటిని ఆకర్షించే అణు భాగాలు) నీటిని పీల్చుకున్నప్పుడు ఏర్పడే అతి సన్నని నీటి దారులను షోన్‌హెర్, ష్రైబర్ ప్రతిపాదించారు. ఇవి కంటికే కాదు, మామూలు సూక్ష్మదర్శినికి కూడా కనిపించవు. వాటి వ్యాసార్థం ఒక నానోమీటరు అటూ ఇటూ ఉంటుందని పరోక్షంగా లెక్కగట్టారు. రోమాల మొదళ్లు, పత్రరంధ్రాల రక్షక కణాల పరిసరాల్లో ఇవి ఎక్కువగా ఉంటాయి. ఈ దారికీ మైనం దారికీ స్వభావాలు వేరు. మైనం దారి వేడికి బాగా స్పందిస్తుంది, నీటి దారి అంతగా స్పందించదు. నీటి దారి గాలిలో తేమను బట్టి తెరుచుకుంటుంది, మైనం దారికి ఆ పట్టింపు తక్కువ. మైనాన్ని సడలించే పదార్థాలు నీటి దారికి ఏ మేలూ చేయవు.

ఇక్కడ తేమకు మరో ముఖ్యమైన పాత్ర ఉంది. ఆకు మీద ఎండిన ప్రతి లవణానికీ గాలి తేమలో ఒక గీత ఉంటుంది. తేమ ఆ గీత దాటితే లవణం గాలిలోని నీటిని పీల్చుకుని తానే కరుగుతుంది, దాటకపోతే పొడిగా ఉండిపోతుంది. కాల్షియం క్లోరైడుకు ఆ గీత సుమారు 30 శాతం, కాల్షియం నైట్రేటుకు 50కి పైన, యూరియాకు 75 నుంచి 80, పొటాషియం నైట్రేటుకు 90 శాతానికి పైన. కాబట్టి లీటరుకు 10 గ్రాముల చొప్పున కలిపి కొట్టిన పొటాషియం నైట్రేటు పగలు ఆకు మీద తెల్లగా పేరుకుని, ఏమీ చేయకుండా కూర్చుంటుంది. చిత్తూరు తోటల్లో పూతకు ముందు నెలల్లో తెల్లవారుజామున కురిసే మంచే దాన్ని మళ్లీ కరిగించి, మిగిలిన భాగాన్ని లోపలికి పంపుతుంది. సాయంత్రం కొట్టమని పెద్దలు చెప్పే మాటకు ఇంతకంటే పటిష్టమైన ఆధారం అక్కర్లేదు.

గ్లైఫోసేట్ ఈ రెండు దారుల్లో రెండోదానికే చెందినది. అది నీటిలో బాగా కరుగుతుంది, మైనంలో దాదాపు కరగదు. అందుకే దాని ప్రవేశం నెమ్మది. పిచికారీ అయిన కొద్దిసేపటికే వాన పడితే దాని ఫలితం చాలా వరకు కొట్టుకుపోవడానికి ఇదే కారణం. గట్టి నీటిలోని కాల్షియం దానితో జతకడితే ఆ జంట మరింత నెమ్మదిస్తుంది. యూరియాకు ఆవేశం లేదు, అణువు చాలా చిన్నది. అందువల్ల అది మిగిలిన ధ్రువ పదార్థాలకంటే సులువుగా దాటుతుంది.

మీరు ఇంకా ముందుకు చదవదలిస్తే 2,4-డి అనే కలుపు మందు మీద జరిగిన ప్రయోగాలతో మొదలుపెట్టండి. అది బలహీన ఆమ్లం, దాని పీకేఏ విలువ (అణువుల్లో సగం ఆవేశం పొందే పీహెచ్) మూడుకు కాస్త తక్కువ. ద్రావణం ఆమ్ల స్వభావంతో ఉంటే అణువు ఆవేశం లేకుండా మైనం దారిన దూకుడుగా వెళుతుంది, తటస్థ ద్రావణంలో అయానుగా మారి ఇరుకున పడుతుంది. ఒకే పదార్థం రెండు రూపాల్లో రెండు దారులు తొక్కుతుందన్నమాట. దీన్ని మించిన పాఠ్య ఉదాహరణ నాకు తెలియదు.

ప్రశ్న: మా టమాటా చేనుకు అవతలి చెరకు తోటలో 2,4-డి కొట్టారు. గాలి మా వైపు లేదు, ఒక్క చుక్కా పడలేదు. అయినా ఆకులు మెలి తిరిగి, కాడలు వంకరపోయాయి. ఇది ఎలా సాధ్యం?
– ఒక కౌలు రైతు, చిత్తూరు సమీప గ్రామం

సమాధానం: మీ పొలాన్ని చూడకుండా కారణం ఇదే అని నిర్ధారించడం న్యాయం కాదు. వైరస్ తెగులులో కూడా ఆకులు ముడుచుకుంటాయి. అయితే మీరు అడిగినది సాధ్యమా అంటే సాధ్యమే. 2,4-డి సోడియం లవణం గాను, అమైన్ లవణం గాను, ఇథైల్ ఎస్టరు గాను దొరుకుతుంది. లవణాలు దాదాపు ఆవిరి కావు. ఎస్టరు వేడికి ఆవిరవుతుంది, పిచికారీ అయిపోయి గాలి దిక్కు మారిన తర్వాత కూడా ఆకుల మీద నుంచీ నేల మీద నుంచీ లేస్తూనే ఉంటుంది. ఆ ఆవిరి టమాటా ఆకును తాకినప్పుడు చుక్క అవసరమే లేకుండా నేరుగా మైనంలో కరుగుతుంది, ఎందుకంటే ఎస్టరు అణువుకు గాలిలో ఉండడంకంటే మైనంలో ఉండడం ఎన్నో రెట్లు ఇష్టం. లోపలికి చేరాక మొక్కలోని ఎంజైములు ఎస్టరును విరిచి ఆమ్లంగా మారుస్తాయి. టమాటా 2,4-డికి అతి సున్నితమైన పంటల్లో ఒకటి, చాలా తక్కువ పరిమాణానికే మెలి తిరుగుతుంది. పక్క పొలంవారిని అడగవలసిన మొదటి సంగతి మోతాదు కాదు, వాడినది ఏ రూపం అన్నది. పొరుగున టమాటా, పత్తి, ద్రాక్ష ఉన్నప్పుడు ఎండ కాసే రోజుల్లో ఎస్టరు రూపం వాడకూడదు.

ప్రశ్న: ఉప్పు నీళ్లలోనో, చింతపండు నీళ్లలోనో నానబెట్టి కడిగితే పండ్ల మీది మందు పూర్తిగా పోతుందా?
– ఒక గృహిణి, చిత్తూరు

సమాధానం: పూర్తిగా పోదు. పండు తొక్క మీద కూడా ఇదే మైనం పొర ఉంటుంది. పైన పొడిగా మిగిలిన మందు, దుమ్ముతో అంటుకున్న మందు ధారగా పారే నీటితో రుద్ది కడిగితే చాలా వరకు పోతాయి. మైనంలో కరిగిపోయినదాన్ని ఉప్పు కానీ పులుపు కానీ బయటికి లాగలేవు. 2017లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వారు యాపిల్ పండ్ల మీద రెండు మందులు (శిలీంధ్రనాశిని థయాబెండజోల్, పురుగు మందు ఫాస్మెట్) పూసి, 24 గంటల తర్వాత చూశారు. థయాబెండజోల్‌లో సుమారు 20 శాతం, ఫాస్మెట్‌లో 4 శాతానికి పైగా తొక్క లోపలికి దిగిపోయాయి. మొదటిది 80 మైక్రోమీటర్ల లోతు దాకా, రెండోది 20 మైక్రోమీటర్ల దాకా చేరింది. పైన మిగిలినదాన్ని తీసివేయడానికి లీటరు నీటికి 10 గ్రాముల వంటసోడా ద్రావణంలో పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు ఉంచడం మామూలు నీటికంటే మెరుగ్గా పనిచేసింది, ఎందుకంటే క్షారంలో ఆ రెండు మందులూ విరిగిపోతాయి. లోపలికి దిగిన భాగాన్ని అది కూడా తాకలేదు.

మామిడి పండుకు తొక్క తీసి తినే అలవాటు మనకు ఉండడం ఈ విషయంలో మేలు. తొక్కలోనే ఆగిపోయే స్పర్శ మందులు దానితో పాటే పోతాయి. అంతర్వాహిక మందుల విషయంలో కడగడమూ, తొక్క తీయడమూ కూడా చాలవు. అక్కడ కాపాడేది కోతకు ముందు ఆగవలసిన రోజులను రైతు పాటించడమే.

ప్రశ్న: గుడి దగ్గర పూలు అమ్ముతాను. పగలు మొగ్గగా ఉన్నప్పుడు మల్లెకు వాసన ఉండదు, సాయంత్రం విచ్చుకోగానే గుప్పుమంటుంది. ఆ వాసన కూడా ఈ మైనం గుండానే బయటికి వస్తుందా?
– ఒక పూల వ్యాపారి, తిరుపతి

సమాధానం: అవును, ఇక్కడ ప్రయాణం వెనుదిరిగి లోపలి నుంచి బయటికి సాగుతుంది. మల్లె వాసనలో లినలూల్, బెంజైల్ ఎసిటేట్ ముఖ్యమైనవి. రెండూ చిన్న అణువులు, మైనంలో బాగా కరిగేవి. పూరేకుల్లో పత్రరంధ్రాలు బహు తక్కువ కనుక వాసన అణువులు కణపొరను, కణ కవచాన్ని, చివరకు అవభాసినిని దాటి రావాలి. కణపొరను అవి వాటంతట అవే దాటుతాయని చాలా కాలం అనుకున్నారు. పెటూనియా పూల మీద పనిచేసిన అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయ బృందం, వాటిని బయటికి నెట్టే ఒక రవాణా ప్రోటీన్‌ను 2017లో గుర్తించింది.

అదే బృందం తర్వాత చేసిన పని మరింత వింతైనది. పూరేకు మీది మైనం పొరను పలుచగా చేస్తే వాసన ఎక్కువగా వస్తుందని ఎవరైనా ఊహిస్తారు. మైనాన్ని పైకి చేరవేసే జన్యువును అణచి పొరను పలుచగా చేసినప్పుడు వాసన పెరగకపోగా తగ్గింది, పువ్వు లోపల వాసన పదార్థాల తయారీ కూడా తగ్గింది. కారణం ఏమిటంటే, మైనం పొర అడ్డుగోడగా మాత్రమే కాక గిడ్డంగిగానూ పనిచేస్తుంది. పెటూనియాలో వాసన అణువుల్లో పెద్ద భాగం విడుదలకు ముందు ఆ పొరలోనే పోగై ఉంటుంది, దాని వల్ల కణం లోపల వాటి గాఢత హానికర స్థాయికి చేరదు. గిడ్డంగి చిన్నదైతే కణం ఉత్పత్తిని తగ్గించుకుంటుంది.

ఇది మల్లెకు యథాతథంగా వర్తిస్తుందనడానికి అలాంటి ప్రయోగం మల్లె మీద కూడా జరగాలి. మొగ్గ దశలో వాసన రాకపోవడానికి ముఖ్య కారణం మైనం అడ్డుకోవడం కాదు. ఆ పదార్థాల తయారీ విచ్చుకునే వేళకే జోరందుకుంటుంది. మధ్యాహ్నం కోసిన మొగ్గల్లోనూ సాయంత్రానికి ఆ తయారీ కొనసాగుతుంది కనుకనే మీరు తెచ్చిన మొగ్గలు బుట్టలో విచ్చుకుని వాసన ఇస్తాయి. మంచు గడ్డల పెట్టెలో ఉంచితే ఆ తయారీ నెమ్మదిస్తుంది, మైనంలో అణువుల కదలికా నెమ్మదిస్తుంది. పెట్టెలోంచి తీసిన మొగ్గలకు అమ్మే ముందు కొంతసేపు బయటి వెచ్చదనం తగలనివ్వండి.